దూప

మార్చి 6, 1961

ఈ ఊరి పేరు రాయాలని కూడా లేదు. దవాఖాన వెనక గుర్రపుసాలకు సున్నం కొట్టి ట్రైనింగు స్కూలు అని పేరు పెట్టారు. ఒక వైపు నర్సులు కాబోయే మేము. అడ్డుగోడ అవతల మందులు కలపడం నేర్చుకునే కాంపౌండర్ల క్లాసు. వాళ్ళు గోడ మీద నుంచి ఈలలు వేస్తారు. మా వైపు అమ్మాయిలు తిట్లు వేస్తారు. నేను రెండూ చెయ్యను, కాబట్టి రెండు వైపులా నన్ను చూసి నవ్వుతారు.

నా గదిలో గోపమ్మ. దేవరకొండ దగ్గర పల్లె. గొంతు పెద్దది, పెట్టె చిన్నది.

"ఓ కాన్వెంటూ, గా కిటికి మూయి, దుమ్మొస్తాంది."

"గాలి ఆడకపోతే జబ్బులు వస్తాయి" అన్నాను.

"జబ్బులు వస్తాయంట" అన్నది నా గొంతు పెట్టి. "గిట్ల పుస్తకం లెక్క మాట్లాడితె నీకు నిద్రెట్ల పడ్తదే?"

కిటికీ మూయలేదు.

మార్చి 7

మమ్మల్ని మూడు నెలలు చూస్తారట. పనికివస్తామనుకున్న వాళ్ళకు తెల్ల టోపీ పెడతారు. మిగతావాళ్ళు పెట్టె సర్దుకోవాలి. ఎవరు పనికివస్తారో చెప్పేది ట్యూటరు భ్రమరాంబ గారు.

ఆమెది గుంటూరు వైపు. ఉతికిన చీర, చేతిలో బెత్తం లాంటి స్కేలు. ఇవాళ నన్ను నిలబెట్టి అడిగారు.

"మీదే ఊరమ్మాయ్? మాట చూస్తే మా వైపు పిల్లలా ఉన్నావే!"

"సికింద్రాబాదు కాన్వెంటులో చదివానండీ."

"అదీ సంగతి. ఈ పిల్లలు మాట్లాడేది నాకు సగం అర్థమై చావదు. నీకు అవుతుందా?"

"అవదండీ."

"నువ్వు నా పక్కన ఉండు. మనిషి భాష వినొచ్చు."

ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. చదివింది సికింద్రాబాదులోనే, అది అబద్ధం కాదు. పోచంపల్లి గురించి ఆమె అడగలేదు.

టోపీ రాకపోతే నాకు పోచంపల్లే. బాపు నేసిన దుప్పట్లు కాన్వెంటు వాళ్ళు కొనేవారు. ఆ పరిచయంతోనే నన్ను అక్కడ ఉంచి చదివించారు. బైబిలు కథలు, ఇంగ్లీషు పద్యాలు చదివిన చేతులతో మళ్ళీ ఆసు పోస్తూ కూర్చోలేను. దారాన్ని ఒక కొయ్య నుంచి ఇంకో కొయ్యకు, ఇంకో కొయ్య నుంచి ఈ కొయ్యకు. అమ్మ భుజం అలాగే పోయింది. నేను చెయ్యను.

మార్చి 11

గోపమ్మ నా సబ్బు వాడింది.

మార్చి 12

మళ్ళీ వాడింది. అడిగితే "జర రుద్దుకుంటె అరిగిపోతదా?" అన్నది. అరిగిపోతుంది.

మార్చి 20

ఇవాళ కాన్పు తరువాత వచ్చే అపాయాల పాఠం. బయటికి కనపడకుండా గర్భసంచిలోనే రక్తం నిండిపోవచ్చు, దుప్పటి తెల్లగానే ఉంటుంది, మనిషి పోతుంది. అలాంటప్పుడు గుర్తులేమిటని భ్రమరాంబ గారు అడిగారు. బల్లలన్నీ తలలు దించుకున్నాయి.

నేను లేచి చెప్పాను. ముఖం పాలిపోవడం. చల్లటి చెమట. నాడి వేగం. అటూ ఇటూ దొర్లడం. ఆగని దాహం.

"విన్నారా! దాహం. అది మరిచిపోయిన నర్సు చేతిలో తల్లి బతకదు. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. గోపమ్మ నా వీపు వెనక, "రాసుకున్న తల్లీ, నీ పేరు గూడ రాసుకున్న" అన్నది. ఆమె పేరు నేనూ రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 2

బాపు వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. బస్సులు మారి, ఎండలో నడిచి, భుజాన మూట, కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. గేటు దగ్గర నిలబడి "అండాలూ! ఓ అండాలూ!" అని పిలుస్తున్నాడు. కాంపౌండర్లు గోడ మీదికి ఎక్కారు.

పరుగెత్తి వెళ్ళి ఆయన్ను వంటగది వెనక్కి తీసుకుపోయాను.

"మంచిగున్నవా బిడ్డా? బక్కగయినవ్."

"ఎందుకొచ్చినవ్ బాపూ, జాబు రాస్తె సాలదా?"

"సూడబుద్ధయింది, వచ్చిన. దూపైతాంది బిడ్డా, జర నీళ్ళియ్యి."

చెంబుతో ఇచ్చాను. నిలబడే తాగాడు. ఇంకా అడిగాడు. రెండో చెంబు సగం తాగి మిగిలింది మెడ మీద పోసుకున్నాడు. మూటలో నాకోసం నేసిన చీర ఉంది, ఎర్ర అంచు. చాలా బాగుంది. ఇక్కడ కట్టుకోలేను. పోచంపల్లి నేత అని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది.

ఆయన వెళ్ళాక భ్రమరాంబ గారు వరండాలో నుంచి "ఎవరమ్మాయ్ ఆ ముసలాయన?" అన్నారు.

"కాన్వెంటుకు బట్టలు తెచ్చే అతనండీ."

అదీ అబద్ధం కాదు. తెచ్చేవాడే.

వెనక్కి తిరిగితే గోపమ్మ, అంట్లు తోముతూ. చేతిలో బూడిద. మొత్తం విన్నది, చీర కూడా చూసింది.

"ఓయ్ కాన్వెంటూ, మా మాట ముద్దుగొస్తదే నీకు!"

ఎవరితోనూ చెప్పవద్దని అడగలేదు. అడిగితే ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు చూడటం కంటే టోపీ పోవడం మేలు అనిపించింది. కాదు, టోపీ పోకూడదు.

ఏప్రిల్ 3

చెప్పలేదు. గోపమ్మ ఎందుకు చెప్పలేదో అర్థం కావడం లేదు. ఏదో పెట్టుకుని ఉంటుంది మనసులో.

ఏప్రిల్ 19

మధ్యాహ్నం ఒక బాలింత చనిపోయింది. పేరు సుక్కమ్మ. ఊరి అవతల గొర్రెల మంద ఉన్న ఇంటి కోడలు. తొలి కాన్పు, ఉదయమే మగపిల్లవాడు పుట్టాడు. వార్డులో భ్రమరాంబ గారు, నేను ఉన్నాము. ఖమర్ డాక్టరమ్మ టీకాల క్యాంపుకని అచ్చంపేట వెళ్ళారు.

చనిపోయే ముందు ఆమె ఏదో అడిగింది. నాకు సరిగా వినపడలేదు.

ఏప్రిల్ 20

ఆమె గొంతు చాలా చిన్నది. వార్డులో పిల్లల ఏడుపులు. వినపడలేదు.

క్లాసులో భ్రమరాంబ గారు ఆ సంగతే పాఠం చేశారు. "ఇక్కడి వాళ్ళ మూఢనమ్మకం చూడండి. లోపల రక్తం పోతూ ప్రాణం మీదికొచ్చిన మనిషి, డాక్టరును పిలవమనలేదు. ఏం కావాలే అంటే ధూపం అంటుంది! కనగానే ఒంటికి సాంబ్రాణి పొగ పట్టాలట, ఆసుపత్రి మంచం మీద! ధూపమా అని మళ్ళీ అడిగాను. అవునని తల ఊపింది. ఇదిగో, ఈ అమ్మాయి పక్కనే ఉంది."

అందరూ నా వైపు చూశారు. కొందరు ధూపం మాటకు నవ్వారు కూడా.

గోపమ్మ నవ్వలేదు.

ఏప్రిల్ 20, తరువాత

గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ధూపం అన్నదా, దూప అన్నదా?"

"నాకు తెలియదు."

"మా దిక్కు సాంబ్రాణి పొగను ఊదు అంటరు. మీ దిక్కు గూడ ఊదే. ఏ ఆడామె అయినా ఊదెయ్యమంటది గని ధూపం అంటదానె?"

"నాకు వినపడలేదు అన్నాను కదా."

"అండాలూ, నువ్వు ఆడ ఉన్నవ్."

నన్ను పేరుతో పిలవడం ఇదే మొదలు. పుస్తకం తీసి చదువుతున్నట్టు కూర్చున్నాను. పుస్తకం తలకిందులుగా ఉందని ఆమె వెళ్ళాక చూశాను.

ఏప్రిల్ 22

సుక్కమ్మ అత్త వరండాలో ఉంది. భద్రమ్మ. పసివాణ్ణి కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. వేరే బాలింత ఎవరో వాడికి పాలు ఇస్తోంది, అందుకని ఇంకా వెళ్ళలేదు. నేను అటు నడవకుండా ఉండవలసింది. వేడినీళ్ళు తేవడానికి వేరే దారి లేదు.

"బిడ్డా, నువ్వేనటగా నా కోడలి తాన ఉన్నది. నన్ను లోపటికి రానియ్యలే. ఆఖరికి ఏమన్న అడిగిందా?"

"ఏమీ అడగలేదమ్మా" అన్నాను. పుస్తకం భాషలోనే అన్నాను.

ఆమెకు ఊరట కలిగింది. నేను చూశాను, భుజాలు కిందికి దిగాయి.

"ఏమడగలేదా. నిమ్మలంగ పోయింది తల్లి."

కొందరికి నిజం చెప్పకపోవడమే దయ.

ఏప్రిల్ 23

పై వాక్యం కాన్వెంటులో ఎవరూ నాకు నేర్పలేదు.

ఏప్రిల్ 27

గోపమ్మ ఖమర్ డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళింది. ఎవరినీ అడగకుండా, గంట కొట్టే జవానును తోసుకుని వెళ్ళిందట. కాసేపటికి నన్ను పిలిపించారు. గదిలో డాక్టరమ్మ, భ్రమరాంబ గారు, గోపమ్మ. ఫ్యాను తిరుగుతోంది. నాకు చెమటలు.

"ఈ పిల్ల ఏమంటుందంటే" అన్నారు డాక్టరమ్మ, "ఆ సుక్కమ్మ నీళ్ళడిగింది, ధూపం కాదు అంటుంది. దూప అంటే ప్యాస్, అది నాక్కూడా తెలుసు, హైదరాబాదులో పుట్టినదాన్ని. కానీ నేనప్పుడు లేను. ఈ పిల్లా లేదు. నువ్వున్నవ్. సాఫ్ చెప్పు, ఏమన్నది?"

భ్రమరాంబ గారు నా వైపు చూడలేదు. స్కేలును ఒళ్ళో పెట్టుకుని దాని అంచును బొటనవేలితో రుద్దుతున్నారు. ఆమె భయపడటం మొదటిసారి చూశాను. సంతోషపడ్డాను. ఆ మరుక్షణం నా టోపీ ఆ వేలి చివర ఉందని గుర్తొచ్చింది.

"ధూపం అనే విన్నానండీ. నాకు వీళ్ళ మాట రాదు."

"రాదా!" గోపమ్మ ఒక్క అంగలో నా ముందుకు వచ్చింది. "వాళ్ళ బాపుతోని మాట్లాడంగ నా చెవులతోని ఇన్న డాక్టరమ్మా! పోచంపల్లి పిల్ల! నీళ్ళు దెచ్చిచ్చింది వాళ్ళ బాపుకు, దూపైతాందంటె! గప్పుడర్థమైంది, గిప్పుడు కాదా?"

"మీ నాన్నా?" అన్నారు భ్రమరాంబ గారు.

"కాన్వెంటుకు బట్టలు తెచ్చే అతనండీ" అన్నాను.

గోపమ్మ నా ముందు నుంచి వెనక్కి జరిగింది.

డాక్టరమ్మ కాగితాలు పక్కకు జరిపి, "గవాహీ, సాక్ష్యం లేనిది నేనేం చెయ్యాలె" అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు.

ఏప్రిల్ 29

పెద్దలకు ఎదురు తిరిగినందుకు, ట్యూటరు మీద అపవాదు వేసినందుకు గోపమ్మను పంపించివేశారు. పెట్టె తాడుతో కట్టుకుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం బాగుండేది.

"నీ సబ్బు ఆడ పెట్టిన" అన్నది గుమ్మంలో ఆగి. "సగం అరగదీసిన గని, ఇంక శానా ఉంది. మంచిగ నోరు గడుక్కో."

ఏప్రిల్ 30

గది నిశ్శబ్దంగా ఉంది. కిటికీ తెరిచే ఉంది. మూయమనే వాళ్ళు లేరు.

మే 3

రాస్తాను. ఎవరూ చదవరు.

సుక్కమ్మ గొంతు చిన్నదేమీ కాదు. స్పష్టంగా అన్నది. "దూపైతాంది" అన్నది. తల అటూ ఇటూ తిప్పుతూ, పెదవులు నాలుకతో తడుపుకుంటూ.

"ధూపమా?" అన్నారు భ్రమరాంబ గారు.

"ఆ. దూప, దూప."

"ఒళ్ళు ఆరకముందే పొగ కావాలట! ఇది మీ ఇల్లనుకున్నావా?" అని నా వైపు తిరిగారు. "ధూపమేగా అంటోంది?"

నీళ్ళ రంజను మూలన ఉంది, మంచానికి దగ్గరే. దాని మీద ఇత్తడి ముంత. సుక్కమ్మ రంజను వైపు చూసింది. తరువాత నా వైపు చూసింది. నాకు అర్థమైందని ఆమెకు తెలిసింది. ప్రాణం పోయేవాళ్ళకు తెలుస్తుంది.

"అవునండీ" అన్నాను.

దాహం అని ఉంటే, నీకెలా తెలుసని అడిగేవారు. అంతే. ఒక్క ప్రశ్న.

దుప్పటి సరిచెయ్యమని చెప్పి భ్రమరాంబ గారు పనిముట్లు ఉడికించడానికి వెళ్ళారు. దుప్పటి తెల్లగా ఉంది. సరిచేశాను. ముఖం పాలిపోయింది, చల్లటి చెమట, దొర్లడం. పాఠం ఒప్పజెప్పినట్టు ఒక్కొక్కటీ నా కళ్ళ ముందు నిలబడింది. చెప్పకుండా ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని మాకు రూలు. నేను రూలు పాటించాను. ఆమె రెండుసార్లు కాదు, చాలాసార్లు అడిగింది. తరువాత అడగడం మానేసింది. అప్పుడు చెయ్యి పట్టుకుని చూసి పరుగెత్తాను.

తప్పు భ్రమరాంబ గారిది. ఆమెకు ఈ ఊరి మాట రాదు. ఏళ్ళుగా ఇక్కడ జీతం తీసుకుంటూ ఒక్క మాట నేర్చుకోలేదు. ఆమెను నేను జీవితాంతం అసహ్యించుకుంటాను.

మే 4

ఆమెకు రాదు.

జూన్ 5

టోపీ పెట్టారు. నన్నే ముందు పిలిచారు. భ్రమరాంబ గారు స్వయంగా పిన్నులు గుచ్చుతూ, చెవి దగ్గర, "నీలాంటి పిల్లలు పదిమంది ఉంటే చాలమ్మాయ్" అన్నారు. ఆమె ఊపిరిలో లవంగం వాసన. పిన్ను ఒకటి తలకు గుచ్చుకుంది. కదలలేదు.

అద్దంలో చూసుకున్నాను. బాగుంది.

జూన్ 7

బుధవారాలు వరండాలో పసిపిల్లలకు పాలపొడి ఇస్తారు. డబ్బాతో కొలిచి పొయ్యడం నా పని. భ్రమరాంబ గారు పక్కన కుర్చీలో.

వరుసలో భద్రమ్మ వచ్చింది. పసివాడు ఎదగలేదు. మెడ సన్నగా, కళ్ళు పెద్దగా. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. టోపీ ఉంది కదా.

"పొడి కలిపి పడితె కక్కుతాండమ్మా. మందల పాలిచ్చేటివి లెవ్వు, ఎండలకు వట్టిపోయినయ్. రాత్రంత ఒకటే ఏడుపు. ఆకలో, దూపనో, నాకెట్ల తెల్వాలె?"

"ఏమంటోంది?" అన్నారు భ్రమరాంబ గారు, నన్ను. "మళ్ళీ ధూపమా? పసిగుడ్డుకు కూడా పొగ పడతారా వీళ్ళు?"

వరుసలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె ముక్కు మీద వేలేసుకుని, "పొగేంది తల్లీ! దూపంటె నీళ్ళు గావాలె" అని పక్కామెతో అన్నది. ఇంకొకామె కిసుక్కున నవ్వింది.

పొడి పోసిన భద్రమ్మ డబ్బా నా చేతిలోనే ఉంది.

"దాహం అంటోందండీ" అన్నాను. "దూప అంటే దాహం. పొగను ఊదు అంటారు."

ఆమె నన్ను చూసిన చూపు వర్ణించను. ముందు అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. తరువాత ఆ ఏప్రిల్ మధ్యాహ్నం ఆమె కళ్ళలోకి వచ్చి నిలబడింది. భ్రమరాంబ గారు కుర్చీ చేతులు పట్టుకున్నారు. జాలి పడవలసిన చోట నేను పడలేదు.

భద్రమ్మ వైపు తిరిగాను.

"అవ్వా, నీ కోడలు గూడ గదే అడిగింది. ఏమడగలేదని నీకు అబద్ధం చెప్పిన. దూపైతాందన్నది. నీళ్ళియ్యలే."

ఆమె నా ముఖం చూసింది, టోపీ కింద ఎవరున్నారో వెతుకుతున్నట్టు.

"నీకు మా మాటొచ్చా?"

"వస్తదవ్వా."

"గప్పుడు గూడ వచ్చా?"

"వచ్చు."

"ఎర్కుండే ఊకున్నవా?"

ఆమె అరవలేదు. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. పొడి డబ్బా తీసుకుంది, మూత గట్టిగా వేసుకుంది, పసివాణ్ణి భుజం మార్చుకుంది, మెట్లు దిగి వెళ్ళిపోయింది. తరువాత వచ్చినామె డబ్బా చాచి నిలబడింది. నేను పొడి కొలిచి పోశాను. చిటికెడు కూడా కింద పడలేదు.

జూన్ 8

పొద్దున ఎర్ర అంచు చీర కట్టుకున్నాను. ఖమర్ డాక్టరమ్మ గది ముందు బల్ల మీద కూర్చున్నాను. జవాను "ఏం గావాలె?" అని అడిగాడు, డాక్టరమ్మతోనే చెప్తానన్నాను. భ్రమరాంబ గారు రెండుసార్లు అటు నడిచారు. రెండోసారి ఆగారు.

"అమ్మాయ్, ఇద్దరం పోతాం" అన్నారు మెల్లగా.

"అవునండీ" అన్నాను. ఆమెతో నా చివరి పుస్తకం మాట అదే అనుకుంటాను.

టోపీ ఒళ్ళో ఉంది. పిన్నులు తీసి దాని అంచుకే గుచ్చాను, మళ్ళీ ఎవరికైనా పెట్టడానికి పనికొస్తాయి. గోపమ్మను వెనక్కి పిలిపిస్తే ఆమెకే పెట్టవచ్చు. తల పెద్దది, సరిపోదేమో.

డాక్టరమ్మ వచ్చి తాళం తీస్తూ నా చీర చూశారు, ఒళ్ళోది చూశారు.

"క్యా పిల్లా, మళ్ళా ఏమయింది?"

లేచి నిలబడ్డాను. దారి పొడుగునా కూర్చుకున్న పుస్తకం వాక్యం ఒకటి ఉంది. అది రాలేదు.

"సుక్కమ్మ దూపన్నది అమ్మా. నేనిన్న" అన్నాను. "మా బాపు గూడ గట్లనే అంటడు."